తనను తాను మార్చుకునే బ్లాక్‌చెయిన్: టెజోస్ అప్‌గ్రేడ్‌ను మొదటి నుంచి చివరి దాకా చూసే మార్గదర్శి

2016 జులైలో ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ (లావాదేవీలను బ్లాకులుగా గొలుసు కట్టి చాలా కంప్యూటర్లలో దాచే ఉమ్మడి ఖాతా పుస్తకం) రెండుగా చీలింది. ది డావో అనే కాంట్రాక్టు (గొలుసు మీద తనంతట తాను నడిచే ప్రోగ్రామ్)లోని లోపం వల్ల పోయిన సొమ్మును వెనక్కి తేవాలని ఒక వర్గం పట్టుబట్టింది. రాసిన కోడ్‌ను ముట్టుకోకూడదని రెండో వర్గం అంది. రాజీ కుదరలేదు, పాత గొలుసు ఎథీరియం క్లాసిక్ పేరుతో మిగిలిపోయింది. ఏడాది తిరిగేసరికి, 2017 ఆగస్టులో, బ్లాక్ సైజు గొడవ మీద బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ విడిపోయింది. రెండు చోట్లా తెలివైన ఇంజినీర్లకు కొదవ లేదు. లేనిదల్లా నిబంధనలు మార్చడానికి అందరూ ఒప్పుకున్న ఒక నిబంధన. అది లేనప్పుడు ఎవరికి వారే యమునా తీరే.

టెజోస్ మొదలైంది సరిగ్గా ఈ లోటు దగ్గరే. 2014లోనే ఆర్థర్ బ్రైట్‌మన్ ఒక మారుపేరుతో దీని ప్రతిపాదన పత్రాలు విడుదల చేశారు. నెట్‌వర్క్ 2018 జూన్ చివర్లో బీటాగా నడక మొదలుపెట్టి, అదే ఏడాది సెప్టెంబరులో మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) అయింది. అప్పటి నుంచి పేరు మారకుండా, గొలుసు తెగకుండా పదిహేనుకు పైగా అప్‌గ్రేడ్లు జరిగాయి. ఒక అప్‌గ్రేడ్ ఎక్కడ పుడుతుంది, ఎవరు ఆమోదిస్తారు, ఏ క్షణాన అమల్లోకి వస్తుంది, మీరు దాన్ని ఎలా గమనించాలి అన్నవి ఈ మార్గదర్శిలో వరుసగా చెబుతాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు.

మొదటి మెట్టు: నోడ్‌లో మారేదేది, మారనిదేది

నోడ్ అంటే గొలుసు ప్రతిని దాచుకుని నెట్‌వర్క్‌లో పాల్గొనే కంప్యూటర్. టెజోస్ నోడ్ సాఫ్ట్‌వేర్ పేరు ఆక్టెజ్. దీన్ని ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. లోపల రెండు పొరలుంటాయి.

పై పొర షెల్. ఇతర నోడ్లతో మాట్లాడటం, బ్లాకులు తెచ్చుకోవడం, డిస్క్ మీద దాచుకోవడం దాని పని. ఒక లావాదేవీ చెల్లుతుందా, బ్లాక్ ఎవరు తయారుచేయాలి, రివార్డు ఎంత అన్నవి దానికి తెలియవు. లోపలి పొర ప్రోటోకాల్. లెక్కలు, హక్కులు, కాంట్రాక్టులు, ఓట్లు అన్నీ అక్కడే ఉంటాయి. షెల్ ఒక బ్లాక్‌ను ప్రోటోకాల్ చేతికిచ్చి "ఇది చెల్లుతుందా?" అని అడుగుతుంది, వచ్చిన జవాబును పాటిస్తుంది.

ఓటుతో మారేది ఈ లోపలి పొర మాత్రమే. ఓట్లు లెక్కపెట్టే కోడ్ కూడా అందులోనే ఉంది కాబట్టి, ఓటింగ్ పద్ధతిని కూడా ఓటుతోనే మార్చవచ్చు. నా దృష్టిలో ఈ రూపకల్పన మొత్తంలో అసలైన విషయం ఇదే. మార్పు చేసే అధికారం గొలుసు బయట ఎవరి చేతిలోనో కాకుండా గొలుసు లోపలే ఉంది.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. షెల్ తనంతట తాను మారదు. దాని కొత్త వెర్షన్ వస్తే నోడ్ నడిపేవాళ్లు మామూలు సాఫ్ట్‌వేర్‌లాగే చేత్తో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. "అంతా ఆటోమేటిక్" అని ఎవరైనా చెబితే ఆ మాట సగమే నిజం.

రెండో మెట్టు: బేకర్ ఎవరు, వారి మాటకు బరువెక్కడిది

టెజోస్‌లో బ్లాక్ తయారుచేసేవారిని బేకర్ అంటారు, ఆ పనిని బేకింగ్ అంటారు. బేకర్ కావాలంటే ఇప్పటి లెక్కన కనీసం 6,000 టెజ్ (టెజోస్ నాణెం) ఉండాలి. బ్లాక్ తయారీ అవకాశం స్టేక్ (హామీగా కట్టిన టెజ్) నిష్పత్తిలో, యాదృచ్ఛికంగా వస్తుంది. బేకర్ ఒకే ఎత్తులో, అంటే గొలుసులో ఒకే స్థానానికి, రెండు వేర్వేరు బ్లాకుల మీద సంతకం పెడితే స్టేక్‌లో కోత పడుతుంది. మోసం చేస్తే సొంత డబ్బు పోతుందన్న భయమే ప్రూఫ్ ఆఫ్ స్టేక్ అనే ఈ పద్ధతికి కాపలా.

ప్రతి బ్లాక్‌కూ ఒక కమిటీ హామీ ఇస్తుంది. 2025 నాటి లెక్కన కమిటీలో 7,000 స్లాట్లు (సంతకపు వాటాలు) ఉంటాయి, స్టేక్ ఎక్కువున్న బేకర్‌కు ఎక్కువ స్లాట్లు దక్కుతాయి. కనీసం 4,667 స్లాట్ల నుంచి, అంటే మూడింట రెండు వంతుల నుంచి, అటెస్టేషన్లు (బ్లాక్ సరైనదేనని పెట్టే సంతకాలు) వస్తేనే గొలుసు ముందుకు కదులుతుంది. ఒక బ్లాక్ మీద మరో రెండు బ్లాకులు పడ్డాక అది ఖాయమైనట్టే.

ఇక మనలాంటి మామూలు టెజ్ యజమానుల సంగతి. మనకు రెండు దారులున్నాయి. డెలిగేట్ చేస్తే, అంటే మన టెజ్ బరువును ఒక బేకర్‌కు అప్పగిస్తే, టెజ్ మన వాలెట్‌లోనే ఉంటుంది, ఎప్పుడంటే అప్పుడు ఖర్చు పెట్టుకోవచ్చు, కోత ప్రమాదం లేదు. బేకర్ దగ్గర స్టేక్ చేస్తే టెజ్ స్తంభించిపోతుంది, రివార్డు ఎక్కువ, బేకర్ తప్పు చేస్తే కోతలో మనకూ వాటా పడుతుంది. ఏ దారిలో వెళ్లినా మన టెజ్ బరువు ఆ బేకర్ ఓటుకు కలుస్తుంది. చాలామంది రివార్డు శాతం ఒక్కటే చూసి బేకర్‌ను ఎంచుకుంటారు, తమ ఓటును కూడా అప్పగిస్తున్నామని గమనించరు.

మూడో మెట్టు: ప్రతిపాదన ఎలా పుడుతుంది

ప్రోటోకాల్ కోడ్ మొత్తానికి ఒక హ్యాష్ (కోడ్ నుంచి లెక్క కట్టిన వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) ఉంటుంది, అది పి అనే అక్షరంతో మొదలవుతుంది. కోడ్‌లో ఒక్క కామా మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. బేకర్ గొలుసు మీదకు పంపే ప్రతిపాదనలో ఉండేది ఈ హ్యాష్ మాత్రమే. కాబట్టి ఓటు వేసేది ఒక ఆలోచనకో హామీకో కాదు, అక్షరం పొల్లు పోకుండా ఒక నిర్దిష్టమైన కోడ్‌కు.

అప్‌గ్రేడ్లకు నగరాల పేర్లు అక్షర క్రమంలో పెడతారు: ఏథెన్స్, బాబిలోన్, కార్తేజ్, డెల్ఫీ, ఎడో, ఫ్లారెన్స్, గ్రనడా... డెవలపర్లు కోడ్‌లో ఒక వ్యాఖ్యను (కంప్యూటర్ పట్టించుకోని వరుసను) మార్చి మార్చి ప్రయత్నించి, హ్యాష్ మొదట్లో ఆ నగరం పేరు కనిపించేలా చేస్తారు. ఇది సరదా కోసమే అనిపించినా పనికొస్తుంది. పొడవాటి హ్యాష్‌ల మధ్య కంటికి ఆనవాలు దొరుకుతుంది.

మొట్టమొదటి ప్రతిపాదనలు 2019 ఫిబ్రవరిలో వచ్చాయి. రెండిటి పేరూ ఏథెన్స్, ఒకటి ఎ, రెండోది బి. రెండూ కాంట్రాక్టులకు గ్యాస్ (నడవడానికి పట్టే లెక్కింపు పని) పరిమితి పెంచేవే. ఎ మాత్రం అదనంగా, బేకింగ్‌కు కావలసిన కనీస మొత్తాన్ని 10,000 టెజ్ నుంచి 8,000కు తగ్గించింది. చిన్న బేకర్లకు తలుపు తెరిచే ఎ గెలిచి, మే చివర్లో అమల్లోకి వచ్చింది. అందులో నాకు నచ్చిన చిన్న విషయం ఒకటుంది. రాసినవాళ్లకు 100 టెజ్ చెల్లించే వరుస కూడా ఆ కోడ్‌లోనే ఉంది. అప్‌గ్రేడ్ అమల్లోకి రాగానే కూలీ దానంతట అదే జమ అయింది. మొత్తం చిన్నదే, కానీ గొలుసు తనను బాగుచేసినవారికి తానే చెల్లించగలదని అది రుజువు చేసింది.

నాలుగో మెట్టు: ఐదు దశలు

ఒక్కో దశ దాదాపు రెండు వారాలు. మొత్తం కలిపి రెండు నెలల పది రోజులు. ఓటు ఉన్న దశల్లో ఎక్కడ తప్పినా కథ మళ్లీ మొదటికే వస్తుంది.

మొదటిది ప్రతిపాదన దశ. బేకర్లు ప్రతిపాదనలు పెడతారు, నచ్చినవాటికి మద్దతు ఇస్తారు. ఒక బేకర్ 20 దాకా ప్రతిపాదనలకు మద్దతివ్వవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ మద్దతు వచ్చినది, మొత్తం ఓటు బలంలో కనీసం 5 శాతం సంపాదిస్తే ముందుకు వెళుతుంది.

రెండోది పరిశీలన ఓటు. గెలిచిన ఒక్క ప్రతిపాదన మీద అవును, కాదు, పాస్ అని మూడు రకాల ఓట్లు పడతాయి. మూడోది విరామం. ఓటు ఉండదు, పరీక్షలు, చదవడాలు, వాదనలు ఉంటాయి. నాలుగోది ఆమోద ఓటు. పద్ధతి రెండో దశదే, కానీ ఈసారి తీర్పు ఆఖరిది. ఐదోది సన్నాహక దశ. ఫలితం తేలిపోయింది, నోడ్లు నడిపేవాళ్లు, వాలెట్లు, ఎక్స్ఛేంజీలు సిద్ధం కావడానికి సమయమిస్తారు.

ఓటు దశల్లో గెలవాలంటే రెండు గీతలు దాటాలి. మొదటిది కోరం: తగినంత ఓటు బలం పాల్గొనాలి. రెండోది 80 శాతం: అవును, కాదు కలిపిన మొత్తంలో అవును కనీసం 80 శాతం ఉండాలి. పాస్ ఓటు కోరానికి లెక్కలోకి వస్తుంది, 80 శాతానికి రాదు. ఈ తేడా కాగితం మీద చిన్నదే, ఫలితం మీద ఎంత పెద్దదో అంకెలు వేసి చూద్దాం.

మొత్తం ఓటు బలం 1,000 అనుకోండి. కోరం 50 శాతం. అవును 460, కాదు 100, పాస్ 90 పడ్డాయి. పాల్గొన్నది 650, అంటే 65 శాతం, కోరం దాటింది. 460ని 560తో భాగిస్తే 82.1 శాతం, నెగ్గింది. ఇప్పుడు పాస్ వేసిన బలంలో 15 కాదు వైపు మళ్లింది. 460ని 575తో భాగిస్తే సరిగ్గా 80, అంచు మీద నెగ్గినట్టే. 16 మళ్లితే 79.9, ఓడిపోయింది. మొత్తంలో 1.6 శాతం బలం మనసు మార్చుకుంటే రెండు నెలల పని పోతుంది. చిన్న బేకర్ల ఓటుకు విలువ లేదనేవారికి నేను ఈ లెక్కే చూపిస్తాను.

కోరం స్థిరమైన అంకె కాదు. గతంలో ఎంతమంది పాల్గొన్నారో దాన్ని బట్టి మారుతుంది. ప్రతి ఓటింగ్ తర్వాత పాత సగటుకు 80 శాతం, తాజా హాజరుకు 20 శాతం బరువిచ్చి కొత్త సగటు కడతారు. ఆ సగటును 20 నుంచి 70 శాతం మధ్యకు సర్దితే కోరం వస్తుంది. ఉదాహరణకు పాత సగటు 60 అయితే, 20కి 70కి మధ్య ఉన్న 50లో 60 శాతం, అంటే 30, ఆ 20కి కలపాలి: కోరం 50. ఈసారి 70 శాతం పాల్గొంటే కొత్త సగటు 62, తర్వాతి కోరం 51. కొందరు బేకర్లు పని మానేసి మాయమైనా గొలుసు శాశ్వతంగా ఇరుక్కుపోకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది.

మరొక్కటి. ఓటు బలాన్ని ప్రతి దశ మొదట్లో లెక్క కట్టి స్థిరపరుస్తారు. మీ బేకర్ ఓటు నచ్చలేదని దశ మధ్యలో వేరేవారికి డెలిగేట్ చేస్తే ఆ దశకు ఉపయోగం లేదు, తర్వాతి దశకు పనికొస్తుంది. విరామం రెండు ఓట్ల మధ్య ఉండటం వల్ల ఈ అవకాశం మీకు నిజంగా దొరుకుతుంది.

ఐదో మెట్టు: మారే క్షణం

సన్నాహక దశలోని చివరి బ్లాక్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో (గొలుసులోని వివరాలు చూపే వెబ్‌సైట్‌లో) గానీ నోడ్‌లో గానీ తెరిచి చూడండి. ప్రతి బ్లాక్ వివరాల్లో రెండు గళ్లుంటాయి: ఈ బ్లాక్ ఏ ప్రోటోకాల్‌లో తయారైంది, తర్వాతి బ్లాక్ ఏ ప్రోటోకాల్‌లో తయారవుతుంది. మామూలు రోజుల్లో రెండిట్లో ఒకే హ్యాష్ ఉంటుంది. ఆ ఒక్క బ్లాక్‌లో మాత్రం రెండూ వేరు. ఒక పాలన ముగిసి మరొకటి మొదలైన గీత అదే.

ఆ గీత దగ్గర నోడ్ మైగ్రేషన్ చేస్తుంది. పాత ప్రోటోకాల్ ఖాతాలు, వాటిలోని నిల్వలు, కాంట్రాక్టులు దాచిన తీరును కొత్త ప్రోటోకాల్‌కు అర్థమయ్యేలా సర్దుతుంది. ఆ సర్దే కోడ్ కూడా ఓటు వేసిన హ్యాష్‌లో భాగమే. పాత ప్రోటోకాల్‌లు నోడ్‌లోంచి పోవు. 2018 నాటి బ్లాక్‌ను ఇవాళ సరిచూడాలన్నా ఆనాటి నిబంధనల ప్రకారమే చూస్తుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను, మీకు పనికొస్తుంది. అప్పట్లో ప్రతి ప్రోటోకాల్‌కూ విడిగా ఒక బేకర్ ప్రోగ్రామ్ ఉండేది. పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కనే నడపాలి, గీత దాటగానే కొత్తది పని అందుకుంటుంది. ఒక అప్‌గ్రేడ్‌కు నేను నోడ్‌ను ముందే అప్‌డేట్ చేశాను, కొత్త బేకర్ ప్రోగ్రామ్‌ను మాత్రం స్టార్ట్ చేయలేదు. నోడ్ లాగ్‌లో బ్లాకులు మామూలుగా వస్తున్నాయి, ఎర్రర్ ఒక్కటి లేదు. అంతా బాగుందనుకుని లేచి వెళ్లాను. కొన్ని గంటల తర్వాత ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే నా ఖాతా ఎదుట తప్పిపోయిన అటెస్టేషన్లు వరుసగా కనిపించాయి. నోడ్ గొలుసును అనుసరిస్తోంది, కానీ నా తరఫున సంతకం పెట్టే ప్రోగ్రామ్ ఏదీ లేదు. అప్పటి నుంచి అప్‌గ్రేడ్ రోజున నేను చూసేది నోడ్ లాగ్ కాదు, గొలుసు మీద నా సంతకం. 2025లో వచ్చిన కొత్త బేకర్ ప్రోగ్రామ్ ప్రోటోకాల్ మారితే తనే మారుతుంది కాబట్టి ఈ టెన్షన్ చాలావరకు తగ్గింది. అయినా సంతకం చూసుకునే అలవాటు వదలకండి.

ఆరో మెట్టు: ఓటు తర్వాత లోపం బయటపడితే

రెండు నెలల ప్రక్రియలో మధ్యలో కోడ్ మార్చడానికి వీల్లేదు, హ్యాష్ మారిపోతుంది కదా. మరి విరామంలో ఎవరైనా ప్రమాదకరమైన లోపం పట్టుకుంటే? ఒక దారి ఓడించి మళ్లీ మొదలుపెట్టడం. రెండో దారి, నోడ్ సాఫ్ట్‌వేర్‌లోనే "ఫలానా హ్యాష్ అమల్లోకి రావలసి వస్తే దాని బదులు సరిచేసిన ఈ హ్యాష్‌ను నడుపు" అని రాయడం. బాబిలోన్‌కు, ఎడోకు ఇలాగే చేశారు. ఆమోదం పొందిన కోడ్ స్థానంలో సరిచేసిన కోడ్ నడిచింది.

ఇది గొలుసు లోపలి ఓటును దాటి వెళ్లే మార్గమని ఒప్పుకోవాలి. కొత్త నోడ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవాలా వద్దా అని ప్రతి ఒక్కరూ నిర్ణయించుకోవడమే ఇక్కడ ఆమోదం. లోపాల సవరణ దాకా దీన్ని నేను సమర్థిస్తాను. కొత్త విధానాలు ఈ దొడ్డిదారిన వస్తే మాత్రం ఓటింగ్‌కు అర్థం ఉండదు. అందుకే ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు రెండు కోడ్‌ల మధ్య తేడా చదివి, అది సవరణేనా కాదా అని చూసుకోవాలి.

ఏడో మెట్టు: ఇన్నేళ్లలో ఏమేం మారాయి

అన్నిటికన్నా సులువుగా కనిపించేది బ్లాక్ వ్యవధి. మొదట్లో 60 సెకన్లు. 2021 ఆగస్టులో గ్రనడాతో 30 అయింది. 2023 మార్చిలో ముంబయితో 15, 2024 జూన్‌లో పారిస్‌తో 10, 2025 జనవరిలో క్యూబెక్‌తో 8. అదే గొలుసు, అవే ఖాతాలు, అవే కాంట్రాక్టులు.

లోతైన మార్పు 2022 ఏప్రిల్ 1న ఇథాకాతో వచ్చింది. అప్పటిదాకా ఏకాభిప్రాయ పద్ధతి, అంటే ఏ బ్లాక్ చెల్లుతుందో నోడ్లన్నీ తేల్చుకునే పద్ధతి, ఎమీ అనే కుటుంబానిది. అందులో ఒక బ్లాక్ వెనక్కి పోయే అవకాశం కాలంతోపాటు తగ్గుతుందే తప్ప సున్నా కాదు. ఇథాకా దాని స్థానంలో టెండర్‌బేక్‌ను పెట్టింది. పైన చెప్పిన మూడింట రెండు వంతుల కమిటీ, రెండు బ్లాకుల తర్వాత ఖాయం కావడం దాని నుంచి వచ్చినవే. బేకింగ్‌కు కనీస మొత్తం 6,000 టెజ్ అయింది కూడా అప్పుడే. నడుస్తున్న బండికి ఇంజిన్ మార్చడమంటే ఇదే, అదీ ఓటు వేసి. అదే ఏడాది సెప్టెంబరు 15న ఎథీరియం కూడా ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కు మారింది, చక్కగా మారింది. తేడా ఏమిటంటే అక్కడ ఒప్పందం డెవలపర్ల సమావేశాల్లో, క్లయింట్ విడుదలల్లో కుదిరింది. ఇక్కడ లెక్కపెట్టిన ఓట్లలో కుదిరింది.

ఓటింగ్ పద్ధతి తనను తాను మార్చుకోవడమూ జరిగింది. మొదట్లో నాలుగే దశలు, ఒక్కోటి దాదాపు 23 రోజులు. గెలిచిన మరుక్షణమే కొత్త కోడ్ అమల్లోకి వచ్చేది, సిద్ధం కావడానికి ఎవరికీ సమయం ఉండేది కాదు. 2021 ఫిబ్రవరిలో ఎడో సన్నాహక దశను జోడించి, ఒక్కో దశను రెండు వారాలకు కుదించింది. మూడో దశలో గొలుసుకు ఒక పరీక్షా ప్రతిని తాత్కాలికంగా నడిపే ఏర్పాటు ఉండేది. విడిగా నడిపే టెస్ట్‌నెట్‌లే (ప్రయోగాల కోసం ఉండే నెట్‌వర్క్‌లే) మేలని తేలడంతో ఫ్లారెన్స్ దాన్ని తీసేసింది. విరామ దశ అలా పుట్టింది.

అన్నీ నెగ్గలేదు. 2023లో ఆక్స్‌ఫర్డ్ మొదటి ప్రతిపాదన ఓటింగ్‌లో ఓడిపోయింది. సవరించిన రెండో ప్రతిపాదన 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఆ ఓటమిని కొందరు వైఫల్యమన్నారు. నాకు అది ఈ పద్ధతి పనిచేస్తోందనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనిపించింది. పెద్ద డెవలపర్ బృందాలు కోరుకున్నది కూడా ఆగగలదని తేలింది.

బలహీనతలూ ఉన్నాయి. బరువు టెజ్‌ది, మనుషులది కాదు. పెద్ద బేకర్ల మాటే పెద్దది. కస్టమర్ల టెజ్‌తో బేకింగ్ చేసే ఎక్స్ఛేంజీ ఓటు వేసినా, పాస్ అన్నా, మౌనంగా ఉన్నా ఆ కస్టమర్ల అభిప్రాయం ఎక్కడా నమోదు కాదు. ప్రోటోకాల్ రాయగల బృందాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఓటర్లు అవును కాదు అనగలరు గానీ కొత్తది రాయడం అందరి వల్లా కాదు.

ఎనిమిదో మెట్టు: ఒక అప్‌గ్రేడ్‌ను మీరే చివరిదాకా చూడండి

చదివితే సగమే తెలుస్తుంది. తర్వాతి అప్‌గ్రేడ్‌ను దగ్గరుండి గమనించండి.

ముందు మీ బేకర్ ఎవరో, గత రెండు మూడు ఓటింగ్‌లలో ఏం వేశారో చూడండి. టీజెడ్‌కేటీ లాంటి ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి బేకర్ ఓటూ కనిపిస్తుంది. ఓటే వేయని బేకర్ దగ్గర మీ టెజ్ ఉంటే, కోరం లెక్కలో మీరు గైర్హాజరైనట్టే. అలాంటప్పుడు నేనైతే బేకర్‌ను మారుస్తాను.

ప్రతిపాదన రాగానే దాని మార్పుల జాబితా చదవండి. మొత్తం అర్థం కాకపోయినా, పాత కాంట్రాక్టులను ప్రభావితం చేసే మార్పుల భాగం మాత్రం వదలకండి. కాంట్రాక్టు నడిపేవారైతే, బ్లాక్ వ్యవధి తగ్గినప్పుడు బ్లాకుల సంఖ్యతో కట్టిన గడువులన్నీ కుదించుకుపోతాయని గుర్తుంచుకోండి. గడువును సమయంతో రాసుకుంటే ఈ బెడద ఉండదు. ఆ ప్రోటోకాల్ పేరుతో నడిచే టెస్ట్‌నెట్‌లో మీ కాంట్రాక్టును ఒకసారి నడిపి, గ్యాస్ ఖర్చు ఎంత మారిందో చూడండి.

పరిశీలన ఓటు నడుస్తున్నప్పుడు పైన చేసిన లెక్కను అసలు అంకెలతో వేయండి: కోరం ఎంత, అవును శాతం ఎంత, పాస్‌లో ఎంత బలం ఉంది. విరామం మొదలవగానే మీ బేకర్‌కు సందేశం పెట్టండి, ఎందుకలా వేశారో అడగండి. చాలామంది జవాబిస్తారు.

మార్పు రోజున ఆ చివరి బ్లాక్ నంబర్ ముందే తెలుస్తుంది. ఎక్స్‌ప్లోరర్ తెరిచి కూర్చోండి, రెండు గళ్లలో రెండు వేర్వేరు హ్యాష్‌లు కనిపించే ఆ ఒక్క బ్లాక్‌ను పట్టుకోండి. బేకర్ అయితే మీ అటెస్టేషన్ వచ్చిందో లేదో చూసుకోండి. వాలెట్ మాత్రమే ఉంటే ఒక చిన్న మొత్తాన్ని మీ మరో ఖాతాకు పంపి, వాలెట్ కొత్త ప్రోటోకాల్‌తో మాట్లాడుతోందో లేదో తేల్చుకోండి.

ఆ తర్వాతి బ్లాక్‌తోనే కొత్త ప్రతిపాదన దశ మొదలవుతుంది, ఓటు బలం లెక్క కట్టేది కూడా అప్పుడే. కాబట్టి బేకర్‌ను మార్చాలనుకుంటే ఆ బ్లాక్ కన్నా ముందే మార్చండి.